గొట్టం జారిన ఆదివారం

ఎలీసమ్మకు భయాలకు కొదవ లేదు. పామంటే భయం, ఉరుమంటే భయం, అత్త ఆదెమ్మ గొంతు పెంచితే భయం, సంఘంలో నలుగురూ ఒక్కసారి తనవైపు తిరిగి చూస్తే భయం. పెళ్ళయిన కొత్తలో మొగుడు మార్కు ఆటపట్టించేవాడు, "నీ నీడను చూసి నువ్వే జడుసుకుంటావే" అని. ఆ భయాలన్నీ ఒక ఎత్తు, ఇప్పుడు తన కుడిచేతిలో ఉన్న నల్ల రబ్బరు బ్యాగు ఒక ఎత్తు. అది నొక్కితే మార్కు ఛాతీ లేస్తుంది. నొక్కకపోతే లేవదు. అంతే సంగతి. దీనికి పెద్ద చదువులేం అక్కర్లేదు.

తెల్లదోమ పత్తిని మసిబట్టించిన ఏడు అది. ప్రత్తిపాడు చుట్టుపక్కల ఏ చేలో చూసినా ఆకులు జిగురు కారి నల్లబడిపోయాయి. రైతులకు పిచ్చెక్కినంత పనైంది. ఒక మందుకు దోమ చావలేదని రెండు మందులు, రెండింటికీ చావలేదని మూడు మందులు కలిపి కొట్టించారు. దోమ మాత్రం నిక్షేపంలా ఉంది. వెంకటనారాయణ చేలో మందు కొట్టడానికి మార్కు కూలికి వెళ్ళాడు. ఎదురుగాలి. మూతికి కట్టుకున్న తువ్వాలు ఊపిరాడనివ్వడం లేదని విప్పి నడుముకు చుట్టుకున్నాడు. మధ్యాహ్నమయ్యేసరికి వీపున పంపుతోనే చాళ్ళ మధ్య కూలబడ్డాడు. నోట్లోంచి నురగ, ఒళ్ళంతా చెమట, కంటిపాపలు ఆవగింజంత చిన్నవైపోయాయి. వెంకటనారాయణ మాటకు కటువు గానీ మనిషి చెడ్డవాడు కాదు. తన ట్రాక్టరు తొట్టిలోనే పడుకోబెట్టి, తనే తోలుకుంటూ క్రైస్తవ మిషను ఆసుపత్రికి చేర్చాడు.

అక్కడ జరిగినదంతా ఎలీసమ్మ కళ్ళారా చూసింది. నిజానికి ఆమెను బయటికి పంపించాలి. ఎవరికీ తీరిక లేక పంపలేదు. డాక్టరు కరుణాకర్ గారు మంచం తలవైపు నిలబడి, చివర దీపమున్న వంకర ఇనుప పట్టీతో మార్కు నాలుకను ఎత్తి పట్టుకున్నారు. నర్సు మణెమ్మ కాలితో పంపు తొక్కుతూ నోట్లో ఊరుతున్న నురగను లాగేస్తోంది.

"తొమ్మిదో నంబరు ఇవ్వు" అన్నారు డాక్టరు గారు.

నర్సు ఎర్ర రబ్బరు గొట్టం అందించింది. ఆయన దాన్ని లోపలికి పంపబోయి ఆగారు. "పట్టడం లేదు. బలవంతం చేస్తే గొంతు చీరుకుపోతుంది. ఎనిమిదిన్నర ఇవ్వు."

రెండో గొట్టం లోపలికి పోయింది. నర్సు దానికి బ్యాగు తగిలించి నొక్కింది. మార్కు పొట్ట గుబుక్కున పైకి ఉబ్బింది. ఎలీసమ్మ ప్రాణం లేచొచ్చింది. కదలిక వచ్చిందంటే బతికినట్టే కదా అనుకుంది. డాక్టరు గారు మాత్రం నిప్పు తొక్కినట్టు, "ఊపిరి దారిలోకి పోలేదు, అన్నం దారిలోకి పోయింది, తీసెయ్" అని గొట్టం బయటికి లాగేశారు. మూతికి మాస్కు అదిమి గాలి కొట్టి, మళ్ళీ దీపం పెట్టి, ఇంకా కిందికి వంగి చూసి, ఈసారి నెమ్మదిగా దించారు. నొక్కితే ఛాతీ లేచింది. ఆయన చెవుల్లో గొట్టాలు పెట్టుకుని కుడి రొమ్ము మీద విన్నారు, ఎడమ రొమ్ము మీద విన్నారు, పొట్ట మీద కూడా విన్నారు. ఎడమవైపు చప్పుడు తక్కువగా ఉందని గొట్టాన్ని కాస్త పైకి జరిపి మళ్ళీ విన్నారు. అప్పుడు గానీ నడుం నిలబెట్టలేదు.

ఊపిరి పోసే మిషన్లు గుంటూరు పెద్దాసుపత్రిలోనే ఒకటో రెండో ఉండేవట, అవీ ఖాళీ ఉండవట. ఇక్కడ మనుషుల చేతులే మిషన్లు. ఎలీసమ్మ, మరిది జయరావు, ఆసుపత్రి ఆయా వంతులవారీగా నొక్కాలి. మణెమ్మ సిస్టరు ఎలీసమ్మను దగ్గర కూర్చోబెట్టుకుని చెప్పింది.

"ఇదిగో, పళ్ళ దగ్గర గొట్టం మీద నీలం సిరాతో గీత గీశా. ఆ గీత అక్కడే ఉండాలి. లోపలికి పోతే ఒక్క పక్కే గాలి అందుతుంది, బయటికి వస్తే అసలుకే మోసం. నొక్కినప్పుడల్లా ఛాతీ రెండు వైపులా లేవాలి. గొట్టం చివర లోపల ఒక బుడగ ఉంది, గాలి పక్కల్నుంచి కారకుండా ఆపుతుంది. దానికి జతగా బయట వేలాడే ఈ చిన్న బుడగ గట్టిగా ఉండాలి. మెడ పైకెత్తొద్దు, కిందికి వంచొద్దు. తల ఎటు కదిలితే గొట్టం అటు కదులుతుంది."

"ఊడొస్తే ఏం చెయ్యాలమ్మా?" అని అడిగింది ఎలీసమ్మ.

"లోపలికి మాత్రం తొయ్యొద్దు, ఎక్కడికి పోతుందో నీకూ తెలియదు, నాకూ తెలియదు. చిన్న బుడగ మూతికి బిగించిన ఈ పట్టుకారు తీస్తే లోపలి బుడగలో గాలి పోతుంది. గొట్టం లాగేసి, ఈ మాస్కు మూతికి అదిమిపెట్టి నొక్కుతూ మమ్మల్ని కేకెయ్యి. ఇంకో మాట. ముఖానికి నీళ్ళు గానీ నూనె గానీ తగలనివ్వొద్దు. ప్లాస్టరు ఊడుతుంది."

ఎలీసమ్మ మనసులో బైబిలు వాక్యంలా వల్లె వేసుకుంది. గీత, రెండు వైపులు, బుడగ, మెడ. నిద్రలోనూ ఆమె వేళ్ళు మూసుకుని తెరుచుకునేవి. ఎవరైనా పలకరిస్తే తల తిప్పేది కాదు. మాట్లాడుతూ ఒక్కసారి నొక్కడం మరిచిపోతే? తుమ్ము వస్తే? చెయ్యి తిమ్మిరెక్కితే? మొగుడు చచ్చిపోతాడన్న భయం ఎవరికైనా ఉంటుంది. తన చేతిలోనే చచ్చిపోతాడన్న భయం మనిషిని లోపల్నుంచి కొరుక్కు తినేస్తుంది.

ఆదివారం పొద్దునకు కాస్త ఆశ పుట్టింది. మార్కు కాలివేళ్ళు కదిలించాడు. గొట్టంలో నురగ లాగేటప్పుడు దగ్గాడు. "దగ్గు రావడం మంచిదే" అన్నారు డాక్టరు గారు. గొట్టాన్ని తలచుట్టూ కట్టిన నాడా పెదవి మూల కోసేస్తోందని మణెమ్మ సిస్టరు దాన్ని విప్పేసి, రెండు బుగ్గల మీదా కొత్త ప్లాస్టరు అంటించింది. పుండు ఆరాక మళ్ళీ కడతానంది. జయరావు సూదిమందు కోసం గుంటూరు వెళ్ళాడు. ఆయాకు ఆదివారం సెలవు. సిస్టరును కాన్పు గదిలోకి పిలిచారు. డాక్టరు గారు ఆవరణ చివర తమ ఇంటికి భోజనానికి వెళ్ళారు. వార్డులో ఎలీసమ్మ ఒక్కతే మిగిలింది.

సరిగ్గా అప్పుడే వెంకటనారాయణ ట్రాక్టరు వచ్చి గేటు ముందు ఆగింది. తొట్టి నిండా పల్లె జనం. ఆరాధన అవగానే తెల్లచీరల్లో, తెల్లచొక్కాల్లో అట్లాగే ఎక్కి వచ్చేశారు. ముందు ఇమ్మానియేలు పాస్టరు గారు, ఆయన ఒక చేతిలో బైబిలు పుస్తకం, ఇంకో చేతిలో చిన్న నూనె సీసా. ఆయన వెనక ఆదెమ్మ. ఇన్నాళ్ళూ ఆమె, కోడలికున్న పాలుతాగే పిల్లను కనిపెట్టుకుని ఊళ్ళోనే ఉండిపోయింది. పిల్లను పక్కింట్లో అప్పగించి వచ్చి కొడుకును చూడటం ఇదే మొదలు. నోట్లోంచి ఎర్ర గొట్టం వేలాడుతున్న కొడుకును చూడగానే ఆమె మంచం దగ్గరికి ఉరికింది.

"నా కొడకా! నీ నోట్లో ఏం కుక్కారురా నాయనా!"

"అత్తా, ముట్టుకోబాక. ఆయన మొకం ముట్టుకోబాక" అంది ఎలీసమ్మ నొక్కుతూనే.

"నా బిడ్డను ముట్టుకోవద్దని చెప్పటానికి నువ్వెవరే?"

జబ్బు మనిషి నుదుటికి నూనె రాసి ప్రార్థన చెయ్యడం వాళ్ళ సంఘంలో తాతలనాటి నుంచీ ఉన్నదే. ఎలీసమ్మ పుట్టినప్పుడు రాశారు, ఆమె తల్లి పోయినప్పుడూ రాశారు. పాస్టరు గారు సీసా మూత తీస్తుంటే ఎలీసమ్మకు సిస్టరు మాట గుర్తుకొచ్చింది. "నూనె వద్దన్నారయ్యగారూ" అని అంది గానీ, ఆ మాట గొంతు దాటి సరిగ్గా బయటికే రాలేదు.

"నుదుటి మీద ఒక్క చుక్కేనమ్మా" అన్నారాయన మెత్తగా.

"ఒక్క చుక్కకు కూడా అడ్డం పడతావా?" అంది ఆదెమ్మ. "రేపు వీడికి ఏమన్నా అయితే, ప్రార్థన చెయ్యనియ్యకపోబట్టే పోయాడంటారు. ఆ మాట పడతావా?"

జనమంతా ఎలీసమ్మ వైపు చూశారు. ఆమె ఏ చూపుకు జీవితమంతా భయపడిందో అదే చూపు. తల వంచుకుంది. ఒప్పుకున్నట్టే అయింది.

పాస్టరు గారు మాట తప్పలేదు. నుదుటి మీద ఒక్క చుక్కే పెట్టి, కళ్ళు మూసుకుని ప్రార్థన మొదలుపెట్టారు. అందరూ కళ్ళు మూసుకున్నారు. ఎలీసమ్మ ఒక్కతే కళ్ళు తెరుచుకుని నీలం గీతను చూస్తోంది. ఆదెమ్మ కూడా మూసుకోలేదు. ఆమె సీసా తీసుకుని అరచేతిలో ఒంపుకుంది. పసివాడప్పుడు స్నానానికి ముందు కొడుకుకు ఎట్లా రాసేదో అట్లాగే, కారుతున్న కన్నీళ్ళతో, నుదురూ కణతలూ బుగ్గలూ గడ్డమూ తడిమి తడిమి రాసింది. ఎలీసమ్మ "అత్తా, అత్తా" అంటూనే ఉంది. ప్రార్థన గొంతులో ఆ పిలుపు కలిసిపోయింది. ఎడమచేత్తో అత్త చెయ్యి తోసెయ్యబోయింది గానీ అందలేదు. లేచి తొయ్యాలంటే బ్యాగు వదలాలి. అంతలోనే ఆదెమ్మ మెడ కింద చెయ్యి పెట్టి, మాడుకు కూడా రాద్దామని కొడుకు తలను వెనక్కి వంచింది.

మార్కు దగ్గాడు. బుగ్గల మీద ప్లాస్టరు నూనెలో తేలి, తడిసిన కాగితంలా మడత పడిపోయింది. నీలం గీత పెదవులు దాటి బయటికొచ్చింది.

ఎలీసమ్మ నొక్కింది. బ్యాగు చేతికి తేడాగా తగిలింది. లోపల గుడగుడమంది. ఛాతీ లేవలేదు. పొట్ట గుబుక్కున ఉబ్బింది.

"ప్రభువా!" అని కేకపెట్టింది ఆదెమ్మ. "చూడండయ్యా, నా బిడ్డ పొట్ట ఎట్టా లేస్తందో! ఊపిరి వచ్చేసింది! స్తోత్రం!"

అందరూ కళ్ళు తెరిచారు. పొట్ట లేవడం చూశారు. ఒకావిడ చేతులెత్తి ఏడ్చింది, ఇంకొకాయన చప్పట్లు అందుకున్నాడు, పాట మొదలైంది. వార్డు దద్దరిల్లిపోయింది. ఆ మనుషుల్లో ఒక్కరికీ చెడ్డ ఉద్దేశం లేదు. అందరూ మార్కు బతకాలనే కోరుకున్నారు. మార్కు పెదవులు మాత్రం నేరేడు రంగుకు తిరుగుతున్నాయి.

మొదటిరోజు ఎలీసమ్మా ఇట్లాగే సంతోషించింది. ఆ సంతోషం ఎంత తప్పో ఆ గదిలో ఆమెకొక్కదానికే తెలుసు. అరిస్తే ఏమనుకుంటారు? దేవుడి పాటను ఆపిన ఆడది అంటారు. అరవకపోతే ఇంకో నాలుగు చప్పట్లకు మొగుడుండడు. జీవితంలో మొదటిసారి ఆమెకు జనం భయం కంటే పెద్ద భయం పట్టుకుంది. ఆ భయమే ఆమెచేత నోరు తెరిపించింది.

"ఆపండి! నోళ్ళు మూసుకోండి! గొట్టం ఊడింది, చచ్చిపోతన్నాడు! అయ్యగారూ, డాక్టరు బాబు కోసం పరిగెత్తండి!"

పాట ఠక్కున ఆగింది. ఇమ్మానియేలు గారు ఒక్క క్షణం మార్కు పెదవుల వైపు చూసి, పుస్తకం అక్కడే పడేసి, చెప్పులు కూడా తొడుక్కోకుండా పరుగెత్తారు. పెద్దమనిషి ఆ పరుగు ఊళ్ళో ఎన్నడూ పరుగెత్తి ఉండడు.

ఎలీసమ్మ పట్టుకారు తీసింది. బయటి బుడగ మెత్తబడి ముడుచుకుపోయింది. గొట్టాన్ని పట్టి లాగేసింది. జిగటగా, నురగతో బయటికొచ్చింది. చూస్తున్న ఆడవాళ్ళు కెవ్వుమన్నారు. బ్యాగుకు మాస్కు తగిలించి మార్కు మూతి మీద పెట్టింది. అది నూనెకు సర్రున చెంప మీదికి జారిపోయింది. మళ్ళీ పెట్టింది. మళ్ళీ జారింది. గాలంతా పక్కల నుంచి పోతోంది, లోపలికి చుక్క పోవడం లేదు.

ఆమె భుజం మీద కొంగు లాగి నూనె తుడవడం మొదలుపెట్టింది. బుగ్గలు తుడిచింది, గడ్డం తుడిచింది, ముక్కు చుట్టూ గట్టిగా రుద్ది తుడిచింది. కిందికి కారుతోందని నుదుటి మీద పాస్టరు గారు పెట్టిన చుక్కను కూడా తుడిచేసింది.

"అయ్యో, అయ్యో, ప్రార్థన చేసిన నూనె తుడిచేస్తందే!" అన్నారెవరో. "శాపం తగులుద్దే పిల్లా!"

"తగలనీ" అంది ఎలీసమ్మ.

మాస్కు ఈసారి నిలిచింది. కానీ ఒక చెయ్యి నొక్కడానికే సరిపోతోంది. రెండో చెయ్యి ఒక్కటీ దవడ పైకెత్తి, మాస్కును చుట్టూ అదిమి పట్టలేకపోతోంది. ఛాతీ సగం లేచి పడిపోతోంది.

"అత్తా! రా ఇట్టా. రెండు చేతులతో ఈ మాస్కు పట్టుకో. వేళ్ళు దవడ కింద పెట్టి పైకి లాగు. చేతులు తుడుచుకో ముందు!"

ఆదెమ్మ రాయిలా నిలబడిపోయింది. తన అరచేతుల వైపు చూసుకుంది. నూనె ఇంకా మెరుస్తోంది. అప్పుడు అర్థమైంది ఆమెకు. చేతులు రెండూ చీరకు తుడిచి తుడిచి వచ్చి, కోడలు చెప్పినట్టే మాస్కు పట్టుకుంది. ఆ గట్టి కూలిచేతులు, మిరపకాయలు కోసి కాయలు కాచిన చేతులు, మాస్కును ముఖానికి అతికించినట్టు పట్టాయి. ఎలీసమ్మ నొక్కింది. కుడివైపు లేచింది. ఎడమవైపూ లేచింది.

"వదలబాక అత్తా."

"వదలను. వదలనే తల్లీ. నొక్కు నువ్వు."

డాక్టరు గారు ఎంగిలి చేత్తోనే వచ్చారు. ఆయన వెనకాలే సిస్టరు, ఆవిడ వెనక ఆయాసంతో రొప్పుతూ పాస్టరు గారు. దీపం పెట్టి చూసి డాక్టరు గారు పెదవి విరిచారు. "గొంతు వాచింది. ఎనిమిదిన్నర పట్టదు. ఏడున్నర ఇవ్వు." అది కూడా ఒక పట్టాన పోలేదు. మాస్కుతో గాలి కొట్టడం, మళ్ళీ చూడటం, మళ్ళీ గాలి కొట్టడం. ఎలీసమ్మ గోడకు అతుక్కుపోయి నిలబడింది. ప్రార్థన గుర్తుకు రాలేదు ఆమెకు. గీత, రెండు వైపులు, బుడగ, మెడ అని మాత్రమే పెదవులు కదిలాయి.

ఛాతీ లేచింది. ఆయన కుడి విన్నారు, ఎడమ విన్నారు, పొట్ట విన్నారు. తల ఆడించారు. సిస్టరు స్పిరిటు దూదితో ముఖమంతా తుడిచి, కొత్త ప్లాస్టరు వేసి, పుండుకు దూది అడ్డం పెట్టి నాడా కూడా కట్టింది.

"ముఖానికి నూనె ఎవరు రాశారు?" అన్నారు డాక్టరు గారు అప్పుడు.

వద్దని గట్టిగా చెప్పనిది తనే. ఎలీసమ్మ నోరు తెరవబోయింది.

"నేనే బాబు" అంది ఆదెమ్మ. "అయ్యగారు చుక్కే పెట్టారు. మిగతాదంతా నేనే. అది వద్దంటానే ఉంది, నేనే ఇనలా."

ఆయన ప్లాస్టరు అంచులు ఒకసారి నొక్కి చూసి వెళ్ళిపోయారు. నాలుగు మాటలు అని ఉంటేనే బాగుండేది ఆదెమ్మకు. జనం ఒక్కొక్కరే తలలు వంచుకుని వరండాలోకి వెళ్ళిపోయారు. పాస్టరు గారు నేల మీద పడిన పుస్తకం తీసుకుని దుమ్ము దులిపి, ఎలీసమ్మ ముందు ఒక్క నిమిషం నిలబడి, "తుడవబట్టే నిలిచాడమ్మా" అని గొణిగి తనూ వెళ్ళిపోయారు.

ఎండ వాలేవేళకు మార్కు కళ్ళు తెరిచాడు. పిలిస్తే చూశాడు. ఎలీసమ్మ నొక్కడానికి ముందే ఛాతీ కొంచెం తనంతట తను కదులుతోంది. "సొంత ఊపిరి మొదలైంది, ఇక నిలబడతాడు. కానీ తొందరపడి తీయం, నువ్వు నొక్కుతూనే ఉండు" అన్నారు డాక్టరు గారు. అప్పుడు గానీ ఎలీసమ్మ ఏడవలేదు. ఏడుస్తూనే నొక్కింది.

ఆదెమ్మ ఆవరణలో నీళ్ళ పంపు దగ్గర కూర్చుని, బట్టలసబ్బుతో చేతులు కడిగి కడిగి వచ్చింది. వేళ్ళు ఎర్రగా కందిపోయాయి. మంచం దగ్గరికి రాలేదు. కాళ్ళవైపు గోడవారగా నేల మీద కూర్చుంది. మార్కు చూపు అటూ ఇటూ తిరిగి తల్లి మీద ఆగింది. ఆమె వైపు వేళ్ళు కదిలించాడు. అంతలో ఎక్కడిదో ఒక ఈగ వచ్చి అతని కంటికొలికి దగ్గర వాలింది. చెయ్యెత్తి తోలుకోలేక రెప్పలు టపటపలాడించాడు.

ఆదెమ్మ ఒక్క ఉదుటున లేచింది. చెయ్యి చాచింది. కొడుకు ముఖానికి జానెడు దూరంలో ఆ చెయ్యి ఆగిపోయింది.

"నువ్వు తోలవే" అంది కోడలితో. "నా చెయ్యి వాడి మొకం దాకా రానియ్యబాక. నేనొచ్చినా రానియ్యబాక."

ఎలీసమ్మ ఎడమచేత్తో ఈగను తోలింది. ఆదెమ్మ వెనక్కి వెళ్ళి, చేతులు రెండూ కొంగులో చుట్టుకుని, కొడుకునే చూస్తూ కూర్చుంది.